గీసినంతే చెక్కే మిషన్

వర్క్‌షాప్, ప్లాస్టర్ గది
సోమవారం

ఊరు మారినా నోరు మారని ఆడపడుచు గారికి,

ఫోన్లో మాట్లాడుకుంటే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. మధ్యలో మీ అన్నయ్యకి తల ప్రాణం తోకకొస్తోంది. అందుకని ఆయనే తీర్పు చెప్పాడు. ఇకమీదట పని మాటలన్నీ కాగితం మీదే, నేను కొలతలు పంపే సంచితో పాటు బస్సులో. పొద్దున వేస్తే సాయంత్రానికి అందుతుంది, ఈలోపు ఇద్దరి కోపం చల్లారుతుందని పాపం ఆయన ఆశ.

నిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి వచ్చాడు. మన పని ఎలా సాగుతుందో చెప్పమన్నాడు. మా ఆడపడుచు తన ఊళ్ళో కూర్చుని, కాలు పోయిన మనిషికి మిగిలిన కాలు ఆకారాన్ని కంప్యూటర్లో గీసి పంపుతుంది. ఇక్కడ మిషన్ ఆ ఆకారాన్ని ఫోమ్ దిమ్మలో చెక్కుతుంది. ఆ దిమ్మ మీద నేను వేడి ప్లాస్టిక్ పరిచి, పెట్టుడు కాలికి పైన ఉండే, కాలు దూర్చే సాకెట్ చేస్తాను అన్నాను. మామయ్యగారి కాలం నుంచీ మా మిషన్ కాస్త లావుగా చెక్కుతుంది, అందుకే మేం గీసేటప్పుడే కాస్త సన్నంగా గీస్తాం అని కూడా చెప్పాను. కంపెనీ మనిషి నా వంక జాలిగా చూశాడు.

మన పాత వెర్షన్‌కి వచ్చే ఏడాది నుంచి తమ బాధ్యత లేదన్నాడు. మన ముందు రెండు దారులున్నాయట. ఒకటి, గీసే ప్రోగ్రాం ఒక్కటే కొత్తది విడిగా కొనుక్కోవడం. అది పాతదాని పక్కన బుద్ధిగా ఉంటుంది, పాతదాన్ని కదపదు. రెండోది సూట్. కొలవడం, గీయడం, చెక్కించడం, అందరి ఫైళ్ళు దాచడం, అన్నీ ఒకే గొడుగు కింద. నాకు సూటే నచ్చింది. పాత కంప్యూటర్ ఆన్ చేస్తే దగ్గుతోంది. ఎంతకాలం దాన్ని బతిమాలుకుంటాం?

తొందరగా ఏదో ఒకటి తేల్చు. మన కండక్టరమ్మ కాలు ఉంది కదా చేతిలో. నువ్వు ఊరు మారినప్పటి నుంచి మన సంచిని తన సీటు కింద పెట్టుకుని తెచ్చిన మనిషి, డిపోలో వెనక్కొస్తున్న బస్సు కింద కాలు పోగొట్టుకుంది. వచ్చే నెల డిపో వాళ్ళు ఆమెకి పరీక్ష పెడతారు. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టాలి, మెట్లు ఎక్కి దిగాలి. తప్పిందా, ఇక జీవితమంతా కౌంటర్లో కుర్చీ. "కుర్చీలో కూర్చోబెడితే నేను నెల తిరక్కుండా ఎవరినో ఒకరిని కొరికేస్తానమ్మా" అంటోంది. నవ్వుతూనే అంటోంది గానీ కళ్ళల్లో భయం దాగట్లేదు.

నీ
వదిన


మేడ మీది గది, నీళ్ళ ట్యాంకు పక్కన
బుధవారం

వదినా,

నోరు మారలేదని ఒప్పుకుంటున్నాను. కాబట్టి విను.

సూట్ వద్దు. గీసే ప్రోగ్రాం విడిగా కొందాం, పాత వెర్షన్‌ని పక్కనే ఉంచుదాం. వేరు కాపురం పెట్టినవాళ్ళు ఒకరి గిన్నెలు ఒకరు ముట్టుకోరు, అందుకే బాగుంటారు. ఆ సూట్ ఉమ్మడి కాపురంలో పెద్ద కోడలిలా వస్తుంది. రాగానే తాళాలన్నీ బొడ్లో దోపుకుంటుంది. నిన్ను అనడం లేదులే, ఉలిక్కిపడకు.

మన దగ్గర నాన్న గీసినవి, నేను గీసినవి ఎన్ని ఆకారాలున్నాయో నీకు తెలుసు. ప్రతి ఒక్కటీ కావాలని సన్నం చేసిందే. ఆ సన్నం ఎంతన్నది ఎక్కడా రాసి లేదు, నాన్న చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది. కొత్తది వాటిని ఏం చేస్తుందో ముందు అడుగు. సూట్ పెట్టాక పాత వెర్షన్ అదే కంప్యూటర్లో బతుకుతుందా? అదే ఫైలు రెండింట్లోనూ తెరుచుకుంటుందా? నోటి మాటగా కాదు, రాసివ్వమను. అమ్మేటప్పుడు అందరూ తలూపుతారు.

ఇంకో మాట. దీన్ని రాయాలా వద్దా అని టీ చల్లారేదాకా ఆలోచించాను. ఆ సూట్ ఒక్క చోట, ఒక్క మనిషి నడిపేలా ఉంటుందని కంపెనీ వాళ్ళ కాగితంలో చదివాను. అంటే కొలత తీసినవాళ్ళే గీస్తారు, చెక్కిస్తారు. మరి నేనేం చేయాలి వదినా? ఇక్కడ కూర్చుని నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూసుకోవాలా? నన్ను తప్పించాలని ఉంటే సూటిగా చెప్పు, సాఫ్ట్‌వేర్ చేత చెప్పించకు.

కండక్టరమ్మ ఆకారం గీసేశాను, మెయిల్లో పంపాను. మోకాలి కింద ఎముక బాగా పైకి తేలి ఉంది, చర్మం పల్చన. అక్కడ జాగ్రత్త. ఆమె నిలబడాల్సింది కదిలే బస్సులో.

ఆడపడుచు


వర్క్‌షాప్
ఆదివారం

ముక్కు మీద కోపమున్న పిల్లా,

నిన్ను తప్పిస్తానని ఎవరు చెప్పారు? ఉన్నవి లేనివి ఊహించుకుని ఉడుక్కోవడం నీకు పుట్టుకతో వచ్చింది. మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి, వెళ్ళి స్కూటర్ తుడుచుకున్నాడు. ఆ స్కూటర్ మొన్ననే తుడిచాడు.

సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాంలే. కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి వెళ్ళాడు. పాతది పక్కన ఉండొచ్చట, ఇబ్బందేమీ లేదట. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు, గీసే పని చూసుకో.

కండక్టరమ్మ దిమ్మ చెక్కించాను. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. టేపు పెట్టి కింది నుంచి పైదాకా చూశాను, నీ గీతకి అచ్చం సరిపోయింది, ఎక్కడా తేడా లేదు. నేను ఆకురాయి పట్టుకోవాల్సిన పనే పడలేదు. ఈ వర్క్‌షాప్‌కి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఇలాంటి దిమ్మ చూడాలని నా కోరిక.

సాకెట్ తొడిగి పంపాను. కాస్త బిగుతుగా ఉందంది. కొత్తది కదా, రెండు రోజులు నడిస్తే సర్దుకుంటుందన్నాను. వర్క్‌షాప్ గుమ్మం దగ్గర మెట్లు ఎక్కి దిగి చూపించింది. "పరీక్షలో ఆ డ్రైవర్ కావాలనే బ్రేకులు కొడతాడమ్మా, నాకు వాడి సంగతి తెలుసు" అంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కర్ర ఇక్కడే వదిలేసి వెళ్ళింది. గుమ్మం వెనక ఉంది ఆ కర్ర.

వదిన


మేడ మీది గది
సోమవారం, సాయంత్రం బస్సుకే వేస్తున్నాను

వదినా,

దిమ్మ నా గీతకి అచ్చం సరిపోయిందా?

మన మిషన్ పుట్టి బుద్ధెరిగి అలా చెక్కలేదు. దిమ్మ నా గీతకంటే లావుగా రావాలి. లావుగా వస్తేనే కాలికి సరిపోతుంది. నేను సన్నంగా గీసేది అందుకే కదా! గీత ఎంతో దిమ్మ కూడా అంతే వచ్చిందంటే, ఆ సాకెట్ ఆమె కాలికంటే చిన్నది. "సర్దుకుంటుంది" అన్నావే, ప్లాస్టిక్ సర్దుకోదు, చర్మమే సర్దుకుంటుంది. ఎలా సర్దుకుంటుందో నీకు నేను చెప్పాలా?

మిషన్ని ఎవరు ముట్టుకున్నారు? నాకు చెప్పకుండా ఏం చేశావు? "చూద్దాంలే" అన్న మాట నువ్వు ఎప్పుడు వాడతావో నాకు బాగా తెలుసు. అయిపోయిన పనికే వాడతావు.

ఆ సాకెట్ వెంటనే వెనక్కి తెప్పించు. ఆమె ఇస్తానన్నా ఇవ్వనన్నా సరే.

జవాబు రేపటి మొదటి బస్సులో రావాలి. కాదంటే నేనే ఆ బస్సెక్కి వస్తాను, అప్పుడు అన్నయ్య స్కూటర్ తుడిచినా లాభం లేదు.


వర్క్‌షాప్, మిషన్ గది
మంగళవారం

అమ్మాయీ,

సూట్ పెట్టించేశాను. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే పెట్టించి ఉన్నాను. నీకు చెబితే ఒప్పుకోవని, పని బాగా నడిచాక చూపించి నోరు మూయిద్దామని అనుకున్నాను.

పెట్టిన రోజునే కంపెనీ మనిషి మిషన్ని కూడా సరిచేశాడు. కత్తి మార్చి, ఏవో దిమ్మలు చెక్కి, కొలిచి, "ఇక గీసినంతే చెక్కుతుందండీ" అన్నాడు. ఆ ఒక్క మాట నీకు రాసి ఉంటే నువ్వు సన్నం చేయడం మానేసేదానివి. రాస్తే సూట్ సంగతి బయటపడుతుంది. అందుకని దాచాను. నువ్వు పాత మిషన్‌కి గీశావు, నేను కొత్త మిషన్‌తో చెక్కించాను. టేపు పెట్టి కొలిచినప్పుడు సంతోషంతో నాకు కళ్ళు మూసుకుపోయాయి. దిమ్మని గీతతో పోల్చి మురిసిపోయాను గానీ, ఆమె కాలి కొలతతో పోల్చలేదు.

నీ ఉత్తరం అందగానే ఆమె ఇంటికి పరిగెత్తాం. పెరట్లో తిరుగుతోంది, గుడ్డ ముక్కలు లోపల కుక్కుకుని. విప్పమంటే విప్పదు. మీ అన్నయ్య ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, గట్టిగా అంటే విప్పింది. ఎముక మీద చర్మం లేచిపోయింది. గుడ్డంతా నెత్తురు. నేను చూసి అక్కడే కూలబడ్డాను. ఆమె నన్ను ఓదార్చింది. "నేను చెప్తే పరీక్ష వాయిదా వేయిస్తావని చెప్పలేదమ్మా. వాయిదా అంటే వాళ్ళ లెక్కలో తప్పినట్టే" అంది.

తిరిగొచ్చి, నీ పాత గీత మళ్ళీ చూద్దామని పాత వెర్షన్‌లో తెరవబోయాను. తెరుచుకోలేదు. సూట్ మొదటి రోజే ఫైళ్ళన్నీ లోపలికి లాక్కుంది. అది ఒకసారి ముట్టుకున్న ఫైలు పాతదానికి పనికిరాదట. రెండూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కనే ఉన్నాయి గానీ రెండింటికీ మాటల్లేవు, మనిద్దరిలాగే.

నేనెందుకు అంత ఆత్రపడ్డానో కూడా విను. నా బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. ఆకురాయి పట్టుకుంటే మోచేతిదాకా మంట. డాక్టర్ ఆ పని మానేయమంది. గరుకుగా, ఎగుడుదిగుడుగా వచ్చిన దిమ్మల్ని గంటల తరబడి రుద్దడం నా వల్ల కావట్లేదు. నీకు చెబితే అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చి కూర్చుంటావని చెప్పలేదు. నిన్ను తప్పించడానికి కాదే, నేను ఇంకొన్నాళ్ళు ఈ పనిలో ఉండటానికి.

ఫోన్ చేద్దామని నంబరు నొక్కి ఆపేశాను. నీ గొంతు వింటే ఏడుస్తాను. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు.

వదిన


మేడ మీది గది
మంగళవారమే

వదినా,

చదవగానే అన్నయ్యకి ఫోన్ చేసి, ఆ సాకెట్ కండక్టరమ్మ చేతికి అందకుండా బీరువాలో పెట్టమన్నాను. ముందే పెట్టి తాళం వేశాడట. మన ఇద్దరికంటే ఆయనే నయం.

నీ మీద ఎంత కోపంగా ఉందో రాస్తే కాగితం చాలదు. బొటనవేళ్ళు పోయేదాకా నాకు చెప్పవా? నేను పరాయిదాన్నా? సూట్ సంగతి దాచినందుకు క్షమిస్తానేమో గానీ దీనికి క్షమించను. ఆ డాక్టర్ చీటీ నాకు పంపు. మాట దాటెయ్యకు.

ఇక పని సంగతి. నా కంప్యూటర్లో పాత వెర్షన్ ఉంది, నేను గీసినవి, నాన్న గీసినవి అన్నీ ఇక్కడ ముట్టుకోకుండా ఉన్నాయి. భయపడకు. నీ సూట్‌ని తీసెయ్యాల్సిన పని లేదు. అది అక్కడే ఉండనీ, నీ చేతులకి అది కావాలి. నేను గీసే ప్రోగ్రాం విడిగా కొనుక్కుంటాను, పాతదాని పక్కనే పెట్టుకుంటాను. పాతదాన్ని మాత్రం ఎవరూ కదపకూడదు, మన పాతవాళ్ళందరికీ కొత్త కొలతలు తీసేదాకా. ఇద్దరిదీ నెగ్గింది, తృప్తేనా?

ఒక్క షరతు. ఇక నుంచి నేను పంపే ప్రతి గీత పేరులోనే, అది సన్నం చేసిందో, ఉన్నది ఉన్నట్టు గీసిందో రాస్తాను. నువ్వు దిమ్మని గీతతోనూ, మనిషి కాలితోనూ కొలిచి రెండూ నాకు రాయాలి. మిషన్ మీద ఎవరు చెయ్యి వేసినా ఆ రోజే నాకు తెలియాలి.

కండక్టరమ్మ విషయం నా చేతిలో లేదు. పుండు మానకుండా ఎంత మంచి సాకెట్ అయినా పనికిరాదు. మానాక మళ్ళీ కొలిచి పంపు, వాపు తీశాక కొలత మారుతుంది. ఈలోపు పరీక్ష వచ్చేస్తుంది. డిపోకి వెళ్ళాలి వదినా. తప్పు ఆమెది కాదు, మనది అని ఎవరో ఒకరు వాళ్ళ మొహం మీద చెప్పాలి. అలా చెబితే మన వర్క్‌షాప్ పేరు పోతుంది. డిపో వాళ్ళ కేసులన్నీ మనకే వస్తున్నాయని నాకు తెలుసు. నువ్వే తేల్చుకో. నేనైతే వెళ్తాను.

ఆడపడుచు


వర్క్‌షాప్
శుక్రవారం

అమ్మాయీ,

వెళ్ళాను. మీ అన్నయ్య వెంట వస్తానంటే బయట నిలబడమన్నాను. మేనేజర్ టేబుల్ మీద ఆ సాకెట్ పెట్టి, "ఇది మా వర్క్‌షాప్ చేసిన తప్పు, ఆమె కాలిది కాదు, ఆమె పట్టుదలది అసలే కాదు" అన్నాను. ఆయన చాలాసేపు ఆ సాకెట్‌నే తిప్పి చూశాడు. లోపలి మరక కూడా చూశాడు. "ఇంకో నెల. అదే ఆఖరు. మా మిగతావాళ్ళ కాళ్ళు ఇకపై వేరేచోట చేయించుకుంటాం" అన్నాడు. సరేనన్నాను. ఇంకేం అంటాను?

బయటికొచ్చి చెబితే మీ అన్నయ్య స్కూటర్ తీయబోయి ఆగాడు. తర్వాత, "నాన్న ఉంటే ఆయనా వెళ్ళేవాడు" అన్నాడు. నాకు అది చాలు.

కండక్టరమ్మ మాత్రం నన్ను చూడ్డానికి ఇష్టపడట్లేదు. నేను రోజూ వెళ్ళి డ్రెస్సింగ్ చేస్తుంటే మొహం గోడవైపు తిప్పుకుంటోంది. నిన్న మాత్రం ఒకటే అడిగింది. "ఈసారి గీసేది మీ ఆడపడుచేనా?" అవునన్నాను. "అయితే సరే" అంది. నాకు గుచ్చుకుంది, కానీ ఒప్పుకుంటున్నాను.

డాక్టర్ చీటీ లోపల పెట్టాను. చదివి తిట్టుకో.

వదిన


వర్క్‌షాప్, గుమ్మం దగ్గర బల్ల
చాన్నాళ్ళ తర్వాత, సోమవారం

నా ఆడపడుచుకి,

నువ్వు "ఉన్నది ఉన్నట్టు" అని పేరు పెట్టి పంపిన గీతతో చెక్కించాను. గీతకీ దిమ్మకీ తేడా లేదు. దిమ్మకీ ఆమె కాలికీ ఉండాల్సినంతే ఉంది. కొలతలు రెండూ నీకు పంపాను కదా, నువ్వు మళ్ళీ అడిగి నన్ను విసిగించావు కదా.

కండక్టరమ్మ పరీక్ష పాసైంది. డ్రైవర్ నిజంగానే బ్రేకులు కొట్టాడట. కానీ నాకు మనసు మనసులో లేదు. ఆమె పళ్ళు బిగపట్టి పాసయ్యే రకం. నొప్పి ఉందా అంటే లేదంటుంది. గుడ్డ కుక్కుకున్న రోజు కూడా లేదనే అంది. విప్పి చూపించమంటే, "చూసింది చాల్లే, నాకు డ్యూటీ ఉంది" అని వెళ్ళిపోయింది. నా మాట మీద ఆమెకి నమ్మకం పోయింది, ఆమె మాట మీద నాకు నమ్మకం లేదు.

అందుకని నీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సంచి ఈరోజు ఆమె బస్సులోనే వస్తోంది. ఆమె దిగి నీ చేతికిస్తుంది. ఎలా ఉన్నావని అడగకు. ఏదో ఒకటి మాట్లాడుతూ నిలబెట్టు, ఆ పని నీకు నేర్పక్కర్లేదు. నొప్పి ఉన్నవాళ్ళు మాటల్లో పడగానే తెలీకుండానే మంచి కాలి మీదికి ఒరుగుతారు. బరువు ఏ కాలి మీద ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. మంచిమాట రాయాలని చూడకు.

వదిన


బస్టాపు, సిమెంటు బెంచీ
సోమవారం సాయంత్రం

వదినా,

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. నీ ఉత్తరం ముందు చదవలేదు, సంచి ఇస్తుంటే ఆమెని పట్టుకుని నేనే మాటల్లో పడ్డాను. తర్వాత ఆమె టిక్కెట్ల లెక్క సరిచూసుకుంటుంటే ఉత్తరం తెరిచాను. చదివి, మళ్ళీ ఆమె దగ్గరికి పరిగెత్తాను.

మా ట్యాంకు కారడం గురించి, మా ఆయన గురక గురించి, నీ బొటనవేళ్ళ గురించి చెప్పాను. నీ వేళ్ళ సంగతి ఆమెకి తెలీదట. "ఆ వేళ్ళతోనా నాకు రోజూ కట్టు కట్టింది" అంది. తర్వాత నిన్ను తిట్టింది, అచ్చం నేను తిట్టినట్టే.

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె వాడిని కూడా తిట్టింది. తిడుతూ తిడుతూ, చెప్పులో రాయి దూరిందని, భుజం బస్సుకి ఆనించి, కాలు పైకెత్తి, చెప్పు విప్పి దులుపుకుంది. రాయి ఒకపట్టాన రాలేదు. మాట ఆపలేదు, మొహం చిట్లించలేదు, తొందరపడలేదు.

ఆమె పైకెత్తింది మంచి కాలు, వదినా.